ధ్రువ వాతావరణ పరిశోధన – నెల్లూరు తీరం

శ్రీహరికోట చరిత్రను మనం రాకెట్ల చరిత్రగానే రాస్తూ వచ్చాం. వాతావరణ పరిశీలన చరిత్రలో దాని స్థానం తగినంతగా చర్చకు రాలేదు. ఆనాడు నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ దీవి (2022లో తిరుపతి జిల్లాలో చేరింది) నుంచి 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్ ఎగిరింది. ఆ ఏడాదే అహమ్మదాబాదు పరిశోధకుడు పరమ్‌జిత్ సింగ్ సెహ్రా సోవియట్ బృందంతో అంటార్కిటికాకు బయలుదేరారు. మొలొద్యోజ్నయా కేంద్రంలో శీతకాలం గడిపి, ఎం-100 రాకెట్లతో ఎగువ వాతావరణంలోని గాలులను, ఉష్ణోగ్రతలను పరిశీలించారు. ఒకచోట ఆరంభం, మరొకచోట పరిశీలన; రెంటికీ సాధనం రాకెట్టే.

తరువాతి కాలంలో ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలు ఈ తీరం నుంచే వెళ్లాయి. ఓషన్‌శాట్-2 (2009), సరళ్ (2013) వాటిలోవి. శ్రీలంకను తప్పించడానికి ఆ రాకెట్లు ముందు ఆగ్నేయంగా సాగి, తరువాత దక్షిణానికి మళ్లాలి. ఈ మలుపుకు అదనపు ఇంధనం వ్యయమవుతుంది.

అయితే ఉపగ్రహం నేలమీది కొలతకు ప్రత్యామ్నాయం కాదు. తాజా మంచు తనపై పడే సూర్యకాంతిలో ఎనభై శాతానికి పైగా వెనక్కి పంపగలదు, మేఘమూ తెల్లనిదే. పైనుంచి చూసే పరికరానికి ఈ రెంటినీ వేరుచేయడం కష్టం. అందుకే నేలమీద పైరనోమీటరు కావాలి, దాని గాజు గోపురంపై పేరుకున్న మంచును తుడిచే మనిషి కావాలి. మన దేశంలో సౌరవికిరణ కొలత కేంద్రాలను 1957–58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సర సందర్భంలో నెలకొల్పినవారు అన్నా మణి. శ్రీహరికోట చరిత్ర రాసేవారు ఆ కేంద్రాల దినచర్య పుస్తకాలనూ తెరవవలసి ఉంది.