పంటిమందునకు గట్టు

పొలమునకు పెట్టిన నీరు గట్టు తెగి ప్రక్కచేను ముంచినచో తప్పు నీటిది కాదు, గట్టు చూచుకొననివానిది. పంటివేరులో వాడు మందుల చరిత్రయు నిట్టిదే.

పంటివేరులో సన్నని నాళము కలదు. అందలి నరము పుప్పివలన చెడినచో దానిని తీసి, నాళమును కడిగి పూడ్చి, పంటిని నిలుపుట చికిత్స. వేరుకొనయందు సూక్ష్మరంధ్రము కలదు. దాని కావల సజీవమైన మాంసము, ఎముక.

1836లో అమెరికాయందు స్పూనరు అను దంతవైద్యుడు నరమును చంపుటకు తెల్లపాషాణమును పంటిలో నుంచు పద్ధతిని ప్రకటించెను. మత్తుసూది లేని ఆ కాలమున అది వరముగా తోచెను. కాని నరమేది, చిగురేది యను వివేకము పాషాణమునకు లేదు. సందున ఊరినచో చిగురు చచ్చి, దవడయెముక తునుకలుగా నూడెడిది. మత్తుసూదులు వచ్చిన పిమ్మట దాని యవసరము తీరినది. ఆధునిక వైద్యము దానిని విడిచినది.

1864లో న్యూయార్కున బార్నమ్ అను వైద్యుడు పలుచని రబ్బరుపొరకు రంధ్రము చేసి పంటికి తొడిగెను. ఉమ్మి లోనికి రాకుండుటకు వేసిన ఆ గట్టు, మందు నోటిలోనికి జారకుండుటకును పనికివచ్చెను.

1915లో, మొదటి ప్రపంచయుద్ధమున, డేకిన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు సైనికుల గాయములు కడుగుటకు నూటికి అరవంతు సోడియం హైపోక్లోరైటు గల ద్రావణమును సిద్ధపరచెను. ఆ మందే, తరచు ఇంకను ఘాటుగా, నేడు దంతనాళమును కడుగుచున్నది. క్రుళ్లును కరిగించుట దాని గుణము; వేరుకొన దాటినచో బ్రతికిన మాంసమును కాల్చుట దాని దోషము. ఈ క్రిందిదారికి రబ్బరుపొర అడ్డు కాదు. కావున వైద్యుడు ఎక్సురే మొదలగువానితో వేరుపొడవు తెలిసికొని, సూదిని నాళములో బిగింపక, కొనవఱకు దింపక, మెల్లగా మందు వదలవలెను.

దాటినచో భగ్గున మంట పుట్టును, చెక్కిలి వాచును, నాళమున రక్తము స్రవించును. అప్పుడు పని నిలిపి, సెలైనుతో మెల్లగా కడిగి, నొప్పిమందు ఇత్తురు. తొలిదినము చెక్కిలిపై చల్లని గుడ్డయు, మరునాటినుండి గోరువెచ్చని కాపడమును మేలు. మ్రింగుట గాని, ఊపిరి గాని కష్టమైనచో తక్షణమే ఆసుపత్రికి పోవలెను. మందు కంట బడినచో నీటిధారతో చాలసేపు కడుగవలెను.

పెద్దలు బాధ నోర్చుట గౌరవమని యెంతురు. ఈ కుర్చీలో ఆ యోర్పు కూడదు. రబ్బరుపొర యున్న నోట మాట రాదు. మంట తోచిన క్షణమున చేయి యెత్తుడు. గట్టు తెగినదని వైద్యునికి మొదట తెలుపగలవారు మీరే.