ఆరంభం నుంచి కర్తకు: విశ్వోత్పత్తి చర్చలో అనుమాన ప్రమాణం పరిధి

1951 నవంబరు 22న పోప్ పన్నెండవ పయస్ రోములో పొంటిఫికల్ సైన్సు అకాడమీ సభ్యుల ముందు ప్రసంగించారు. గెలాక్సీలు ఒకదానికొకటి దూరమవుతున్నాయన్న పరిశీలనను, ఖనిజాల వయసుపై వచ్చిన లెక్కలను ఆధారం చేసుకుని, విశ్వానికి కాలంలో ఒక మొదలు ఉందని సైన్సే సాక్ష్యం పలుకుతోందన్నారు. మొదలు ఉంది కాబట్టి సృష్టికర్త ఉన్నాడన్నది ఆయన తేల్చిన విషయం. ఆ మాటకు ఇబ్బంది పడినవారిలో, ఏ మహావిస్ఫోట సిద్ధాంతం మీద పోప్ ఆధారపడ్డారో ఆ సిద్ధాంతానికి ఆద్యుడైన శాస్త్రవేత్త కూడా ఉన్నారు. ఆయనే బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జార్జ్ లెమైత్ర్. 1923లో గురుపట్టం పొందిన కాథలిక్ ఫాదర్ ఆయన.

విశ్వానికి ఆరంభం ఉందా అన్నది ఒక ప్రశ్న. విశ్వానికి కర్త అవసరమా అన్నది మరో ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికితే రెండోదీ తీరిపోతుందని ఆస్తికుల్లోనూ నాస్తికుల్లోనూ చాలామంది అనుకుంటున్నారు. మహావిస్ఫోటాన్ని చూపి దేవుణ్ణి నిరూపించామనేవారిదీ, క్వాంటం సిద్ధాంతాన్ని చూపి దేవుణ్ణి తొలగించామనేవారిదీ ఒకటే తర్కదోషమని ఈ వ్యాసం వాదిస్తుంది. ఆ దోషాన్ని అందరికంటే లోతుగా పట్టుకున్నవారిలో పరమ విశ్వాసులు ఉండటం నన్ను ఈ పరిశీలనకు పురికొల్పింది.

లెమైత్ర్ కొట్టివేసిన పేరా

ఐన్‌స్టీన్ 1917లో తన సాధారణ సాపేక్షత సమీకరణాలకు ఒక విశ్వ స్థిరాంకాన్ని జోడించి, విశ్వం కదలక మెదలక ఉంటుందని చూపారు. 1922లో రష్యన్ గణితవేత్త అలెగ్జాండర్ ఫ్రీడ్‌మన్ అవే సమీకరణాలకు వ్యాకోచించే పరిష్కారాలు కనుగొన్నారు. 1927లో లెమైత్ర్ ఆ వ్యాకోచాన్ని గెలాక్సీల వేగాలతో ముడిపెట్టారు. 1929లో హబుల్ పరిశీలనలు దానికి బలమిచ్చాయి. 1931లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన చిన్న లేఖలో లెమైత్ర్ ఇంకో అడుగు ముందుకు వేశారు. విశ్వంలోని శక్తి అంతా ఒకే క్వాంటంలో ఇమిడి ఉన్న స్థితి నుంచి లోకం మొదలై ఉండవచ్చని, ఆ స్థితిలో దేశకాలాలనే మాటలకు అర్థం ఉండదని రాశారు.

ఆ లేఖ టైపు ప్రతి చివర ఒక పేరా ఉంది. దేవుడు స్వభావతః మరుగున ఉండేవాడని నమ్మేవారికి, నేటి భౌతికశాస్త్రం సృష్టి మీద తెర దించి ఉంచడం సంతోషంగానే ఉంటుందన్నది దాని సారాంశం. అచ్చుకు పంపేముందు లెమైత్ర్ దాన్ని కొట్టివేశారు. పోప్ తరువాత చెప్పినదానికి అది దాదాపు తలకిందులు. పోప్ దృష్టిలో సైన్సు దేవుణ్ణి బయటపెడుతుంది, లెమైత్ర్ దృష్టిలో కనబడకుండా ఉంచుతుంది. అంత మాటనైనా ఆయన శాస్త్ర పత్రికలో ఉండనివ్వలేదు. గురువిద్య చదివే రోజుల్లో, 1921లో, బైబిలు ఆదికాండంలోని తొలి వాక్యాలను భౌతికశాస్త్రంతో జోడించి ఒక వ్యాసం రాసిన మనిషి పదేళ్లలో ఇక్కడికి చేరారు. విశ్వాసం సడలినందువల్ల కాదు, జీవితాంతం ఆయన గురువుగానే ఉన్నారు. 1960 నుంచి మరణించేదాకా ఆ పొంటిఫికల్ అకాడమీకే అధ్యక్షులు కూడా.

పోప్ 1952 సెప్టెంబరులో అంతర్జాతీయ ఖగోళ సంఘం మహాసభకు వచ్చినవారిని ఉద్దేశించి మాట్లాడినప్పుడు ఆ వాదన మళ్లీ ఎత్తలేదు. వాటికన్ వేధశాల అధిపతి డేనియల్ ఓకానెల్‌తో కలిసి లెమైత్ర్ చేసిన ప్రయత్నమే దానికి కారణమని చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. తన సిద్ధాంతం మత, తాత్త్విక ప్రశ్నలకు పూర్తిగా వెలుపల ఉందని, భౌతికవాదికి దేవుణ్ణి కాదనే స్వేచ్ఛను అది అలాగే ఉంచుతుందని 1958లో బ్రస్సెల్స్‌లో జరిగిన సోల్వే సదస్సులో ఆయన స్పష్టం చేశారు.

సైన్సు చూపు ఎక్కడ ఆగుతుంది

లెమైత్ర్ జాగ్రత్తకు శాస్త్రపరమైన కారణం కూడా ఉంది. విశ్వం వయసు 1380 కోట్ల సంవత్సరాలని చెప్పుకుంటాం. ఆ అంకె వెనక గట్టి ఆధారమే ఉంది. 1964-65లో పెన్జియాస్, విల్సన్ పట్టుకున్న సూక్ష్మతరంగ వికిరణం 2.725 కెల్విన్ల ఉష్ణోగ్రతతో నేటికీ ఆకాశమంతా నిండి ఉంది. విశ్వానికి సుమారు 3,80,000 సంవత్సరాల వయసున్నప్పుడు వెలువడిన కాంతి అది. మనకు నేరుగా కనిపించే అతి పాత వెలుగు అదే. అంతకుముందు సంగతులకు పరోక్ష సాక్ష్యం ఉంది. తొలి నిమిషాల్లో కేంద్రకాలు కూడుకున్న తీరును లెక్కకడితే ద్రవ్యరాశిలో సుమారు నాలుగింట మూడు వంతులు హైడ్రోజన్, ఒక వంతు హీలియం రావాలి. పరిశీలనలో దొరుకుతున్నదీ అదే.

ఇక్కడివరకు నేల గట్టిది. ఇంకా వెనక్కి, 10 మైనస్ 43వ ఘాతం సెకన్ల దగ్గరికి పోతే సాధారణ సాపేక్షత చేతులెత్తేస్తుంది. సాంద్రత అనంతమయ్యే ‘సున్నా’ క్షణాన్ని ఎవరూ చూడలేదు. అది సమీకరణాలను వాటి పరిధి దాటించి వెనక్కి లాగితే వచ్చే బిందువు. 1955లో కలకత్తా శాస్త్రవేత్త అమల్ కుమార్ రాయ్‌చౌధురి ఇచ్చిన సమీకరణం పునాదిగా పెన్‌రోజ్, హాకింగ్ 1970 నాటికి నిరూపించింది ఏమిటంటే, కొన్ని షరతులకు లోబడి సాపేక్షత సిద్ధాంతం తన వైఫల్య బిందువును తానే చూపిస్తుందని. సిద్ధాంతం విఫలమైన చోటును లోకం పుట్టిన చోటుగా చదవడం మన తొందరపాటు.

2003లో అరవింద్ బోర్డే, అలాన్ గూత్, అలెగ్జాండర్ విలెంకిన్ చూపిన సిద్ధాంతాన్ని కూడా ‘ఆరంభానికి రుజువు’గా తరచు ఉదహరిస్తారు. సగటున వ్యాకోచిస్తూ వచ్చిన ఏ విశ్వాన్నైనా అదే వర్ణనతో అనంతంగా గతంలోకి పొడిగించలేమని అది చెబుతుంది. ఆ హద్దుకు అవతల ఇంకో రకం భౌతికశాస్త్రం ఉండవచ్చా, అసలు ఏమీ లేదా అన్నది అది తేల్చదు. స్టైన్‌హార్ట్, టురోక్ 2002లో ప్రతిపాదించిన చక్రీయ విశ్వం, పెన్‌రోజ్ చెప్పే యుగాల పరంపర వంటివి ఇంకా పరీక్షల దశలోనే ఉన్నాయి.

అవతలి పక్షం పొరపాటు కూడా ఇంతే. 1973లో ఎడ్వర్డ్ ట్రయన్, 1982లో విలెంకిన్ విశ్వం ‘శూన్యం’ నుంచి క్వాంటం రీతిలో పుట్టవచ్చన్నారు. గురుత్వ శక్తి రుణాత్మకం గనుక విశ్వపు మొత్తం శక్తి సున్నా కావచ్చునన్నది ట్రయన్ ఊహ. 1983లో హార్టిల్, హాకింగ్ కాలానికి అంచే లేని నమూనా ఇచ్చారు. లారెన్స్ క్రాస్ 2012లో ఈ ధోరణినే పుస్తకంగా విస్తరించి సృష్టికర్త అక్కరలేదన్నారు. క్వాంటం క్షేత్రాల శూన్యస్థితి ‘ఏమీ లేకపోవడం’ కాదని తత్త్వవేత్త డేవిడ్ ఆల్బర్ట్ అదే ఏడు ఎత్తిచూపారు. ఆయన అభ్యంతరం న్యాయమైనదే. నియమాలు ఉన్నాయి, స్థితి ఉంది, సంభావ్యతలు ఉన్నాయి. అవి ఎందుకున్నాయన్న ప్రశ్న అలాగే మిగిలింది. విశ్వం ఎలా మొదలై ఉండవచ్చో చెప్పే విలువైన భౌతికశాస్త్రమే ఇది. దీన్ని నాస్తికత్వానికి రుజువుగా వాడుకోవడమే దాని స్థాయికి తగని పని.

కుండ, కుమ్మరి, పుట్ట

ఈ దేశంలో ఇదే వివాదం వేయేళ్లకు పైగా ఎంతో పదునుగా నడిచింది. మన పాఠకులకు దగ్గరి దారి అన్నంభట్టు. కాశీకి పోయినంత మాత్రాన అన్నంభట్టు కాలేరన్న నానుడికెక్కిన ఈ 17వ శతాబ్దపు తెలుగు పండితుడు ‘తర్కసంగ్రహం’ రాసి, దానికి తానే ‘దీపిక’ అనే వ్యాఖ్య కూర్చాడు. ఈశ్వరుడు ఉన్నాడనడానికి ప్రమాణమేమిటన్న ప్రశ్నకు దీపికలో ఆయన ఇచ్చే అనుమానం, అంటే తెలిసినదాన్ని బట్టి తెలియనిదాన్ని ఊహించే తర్కం, సూటిగా ఉంటుంది. నేల, మొలక వంటివి ఒక కర్త వల్ల పుట్టినవి. ఎందుకంటే అవి కార్యాలు, అంటే ముందు లేక తరువాత పుట్టినవి. దృష్టాంతం కుండ. ఆ వెంటనే కర్త అంటే ఎవరో నిర్వచిస్తాడు. వస్తువు దేనితో తయారవుతుందో ఆ ఉపాదానం గురించిన ప్రత్యక్ష జ్ఞానం, చేయాలన్న కోరిక, చేసే యత్నం ఈ మూడూ ఉన్నవాడు కర్త. కుమ్మరికి మట్టి తెలుసు, కుండ చేయాలనుంది, చేయి కదిలిస్తాడు. నేలకు ఉపాదానం పరమాణువులు కాబట్టి వాటిని ప్రత్యక్షంగా ఎరిగినవాడు మనలాంటివాడు కాలేడు. ఉదయనుడు 10వ శతాబ్దంలో ‘న్యాయకుసుమాంజలి’లో పటిష్ఠం చేసిన వాదమే ఇది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. అన్నంభట్టు, ఉదయనుడు చెందిన న్యాయవైశేషిక మతంలో పరమాణువులు నిత్యం, ఆత్మలు నిత్యం, కాలం కూడా నిత్యం. ఈశ్వరుడు లేనిదాన్ని ఉనికిలోకి తెచ్చేవాడు కాదు, ఉన్నవాటిని కూర్చేవాడు. సృష్టి ప్రళయాల వరుసకు మొదటి సృష్టి అంటూ లేదు. అందువల్ల కాలానికే ఒక తొలి క్షణం ఉందని రేపు సైన్సు రుజువు చేస్తే అది వైశేషికానికి ఊతం కాదు, దెబ్బ. మహావిస్ఫోటాన్ని మన శాస్త్రాలు ముందే చెప్పాయని ప్రవచనాల్లో విన్నప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తొచ్చి బాధ కలుగుతుంది. 432 కోట్ల సంవత్సరాల కల్పం భూమి వయసుకు దగ్గరగా ఉండటాన్ని చూపి మురిసిపోతున్నామే గాని, ఆ తార్కికులు నిజంగా పట్టుబట్టి చర్చించిన విషయాలను చదవడం మానేశాం.

ఆ చర్చలో ఖండనలు ఎటునుంచి వచ్చాయో చూడాలి. బౌద్ధుడు ధర్మకీర్తి 7వ శతాబ్దం ప్రాంతంలో వేసిన ప్రశ్న ఇది. కుండను చూసి కుమ్మరిని ఊహించడం సరే. మట్టికి ఒక ఆకారం ఉన్నంత మాత్రాన కుమ్మరిని ఊహించవచ్చునంటే పుట్టను కూడా కుమ్మరే పెట్టాడనాలి కదా? మనం కర్తను ఊహించేది ఆకారం ఉన్నందువల్ల కాదు. అలాంటి ఆకారాన్ని చేసేవారిని ముందే చూసి ఉన్నందువల్ల. విశ్వాలు తయారవుతుంటే చూసినవారెవరూ లేరు. కార్యం ఉన్నచోటల్లా కర్త ఉంటాడన్న నియత సంబంధం, అంటే వ్యాప్తి, తెగిపోయేది సరిగ్గా అక్కడే. బ్రిటన్‌లో డేవిడ్ హ్యూమ్ సంభాషణల గ్రంథం 1779లో వెలువడేదాకా ఐరోపాలో ఈ అభ్యంతరం ఇంత బలంగా వినిపించలేదు. జైనులూ జగత్కర్తను ఒప్పుకోలేదు. వేదాన్ని పరమ ప్రమాణంగా తలకెత్తుకున్న మీమాంసకుడు కుమారిలభట్టు కూడా లోకం ఎన్నడూ ఇప్పటిలా కాక మరోలా ఉండలేదని, కర్తను ఊహించనక్కరలేదని వాదించాడు.

వీరందరికంటే ముఖ్యసాక్షి రామానుజులు. నారాయణుడే జగత్కారణమని నమ్మి, ఆ నమ్మకం మీద ఒక సంప్రదాయాన్నే నిలబెట్టినవారు. అయినా శ్రీభాష్యంలో బ్రహ్మసూత్రాల మూడో సూత్రం దగ్గర తార్కికుల ఈశ్వరానుమానాన్ని కీలుకి కీలు విడదీస్తారు. నేల, కొండ, సముద్రం అన్నీ కార్యాలే అనుకుందాం. అవన్నీ ఒకే సమయంలో, ఒకే కర్త చేతిలో తయారయ్యాయనడానికి ఆధారమేది? లోకంలో కుండ ఒకరు చేస్తారు, బట్ట మరొకరు నేస్తారు, అదీ వేర్వేరు కాలాల్లో. చూసినదాన్ని బట్టే ఊహించాలంటే, చూసిన కర్తలందరికీ శరీరం ఉంది, పరిమితి ఉంది. ఆ దృష్టాంతం నుంచి అశరీరుడూ సర్వజ్ఞుడూ అయిన ఒక్కడు రాడు. బ్రహ్మం వేదమనే శాస్త్రం వల్లనే తెలియాలి తప్ప అనుమానం వల్ల కాదన్నది ఆయన నిర్ణయం. శంకరులు కూడా రెండో సూత్రం దగ్గర అది అనుమానాన్ని చెప్పడానికి రాలేదని, ఉపనిషద్వాక్యాలను కూర్చడానికే వచ్చిందని అంటారు.

భక్తుడే భగవంతుడి రుజువును ఎందుకు కూలదోశారు? కుమ్మరి పోలిక మీద నిలిచే దేవుడు కుమ్మరి పరిమాణంలోనే మిగులుతాడు గనుక. రామానుజుల భగవంతుడు లోకాన్ని బయటనుంచి తయారుచేసేవాడు కాదు, లోకాన్ని శరీరంగా ధరించినవాడు. అలాంటివాణ్ణి ‘అవసరం’ అనే లెక్కలోకి దించడం ఆయనకు సమ్మతం కాదు.

ఆరంభం లేకున్నా ఆధారపడటం

సెమిటిక్ మతాల్లో సృష్టికి ఆరంభం ఉంది. అందుకే అక్కడ వాదన వేరే దారి పట్టింది. మొదలైన ప్రతిదానికీ కారణం ఉంటుంది, లోకం మొదలైంది అనే ఇస్లామీ కలామ్ వాదాన్ని 11వ శతాబ్దంలో అల్ గజాలీ గట్టిగా నిలిపాడు. నేడు అమెరికాలో విలియం లేన్ క్రెయిగ్ మహావిస్ఫోటంతో జోడించి ప్రచారం చేస్తున్నది దాన్నే. కాని అంతకుముందే ఇబ్న్ సీనా, లోకం అనాది అయినా తన ఉనికికి దేవుడి మీదే ఆధారపడి ఉండవచ్చన్నాడు. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ లోకానికి ఆరంభం ఉందని విశ్వాసం వల్ల తెలుసుకుంటామని, బుద్ధితో దాన్ని నిరూపించలేమని దీని మీదే ఒక చిన్న గ్రంథం రాశాడు. ఆయనకు సృష్టి అంటే ఒకప్పుడు జరిగిన సంఘటన కాదు, ప్రతి క్షణం కొనసాగే ఆధారసంబంధం. అలాంటి సంబంధాన్ని ఏ దూరదర్శినీ చూపలేదు, కాదనీ అనలేదు. పోప్ 1951లో తన చర్చి మహాపండితుడి హెచ్చరికనే పక్కన పెట్టారన్నమాట.

భౌతిక స్థిరాంకాలు జీవానికి అనువుగా అమరి ఉన్నాయన్న వాదం వేరే జాతిది. అది ఆరంభం గురించి కాదు, ఏర్పాటు గురించి. దానికీ ధర్మకీర్తి ప్రశ్న వర్తిస్తుందని మాత్రం ఇక్కడ చెప్పి వదిలేస్తున్నాను. ఒక్క విశ్వాన్ని మాత్రమే ఎరిగిన మనకు, ఏ అమరిక ఎంత అరుదో లెక్కగట్టడానికి పోల్చిచూసే సమూహం లేదు.

తొలి క్షణాల గురించి పరిశోధన ఆగలేదు. గూత్ 1981లో ప్రతిపాదించిన అతివేగ వ్యాకోచం నిజమైతే, ఆ పాత కాంతి ధ్రువణంలో గురుత్వ తరంగాల జాడ ఉండాలి. దక్షిణ ధ్రువంలోని బైసెప్ బృందం 2014లో అది దొరికిందని ప్రకటించింది. మన గెలాక్సీలోని ధూళి వల్ల కూడా అలాంటి జాడే రాగలదని ప్లాంక్ ఉపగ్రహపు కొలతలతో కలిపి చూశాక, 2015లో ఆ ప్రకటన నిలబడలేదు. వెతుకులాట సాగుతూనే ఉంది. రేపు ఆ జాడ నిజంగానే దొరికితే తొలి క్షణాల శక్తి ఎంతో తెలుస్తుంది, ఎన్నో నమూనాలు వీగిపోతాయి. అన్నంభట్టు అనుమానంలో కార్యత్వానికీ కర్తకూ మధ్య కావలసిన వ్యాప్తిని మాత్రం ఆ కొలత సమకూర్చలేదు. రామానుజుల శాస్త్రప్రమాణాన్ని తాకనూ లేదు.