చూపు ముందు, చెయ్యి వెనక

కొండకర్ల ఆవలో తాటిదోనె నడిపేవాళ్లు నీటి లోతును గెడతో తడిమి తెలుసుకుంటారు. కంటి ఆపరేషన్ కూడా అలాగే, తడుముకుంటూనే మొదలైంది. సుశ్రుతుడి కాలంలో వైద్యుడు శుక్లం కమ్మిన కంట్లోకి శలాక దించి, చూపుకి అడ్డొచ్చే పొరను పక్కకు నెట్టేవాడు. లోపల ఏం జరుగుతోందో చెప్పేవి అతని వేళ్లే.

1851లో జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోపును ప్రకటించాక, బతికున్న మనిషి కంటి అడుగు వైద్యుడికి కనబడింది. 20వ శతాబ్దంలో మైక్రోస్కోపు ఆపరేషన్ బల్ల మీదికి వచ్చింది. 1991లో అమెరికాలోని ఎం.ఐ.టి. బృందం ఓసీటీని లోకానికి చూపింది. కంట్లోకి కాంతి పంపి, ఒక్కో పొర నుంచి అది తిరిగొచ్చే తీరును కొలిచి, రెటీనాను కొయ్యకుండానే దాని అడ్డకోత బొమ్మ గీసే యంత్రం అది. తర్వాత దాన్ని మైక్రోస్కోపుకే అమర్చారు. ఆపరేషన్ సాగుతుండగానే సూది మొన ఏ పొర మీద ఉందో డాక్టరు చూడగలుగుతున్నారు.

అప్పుడు చెయ్యి వెనకబడింది. రెటీనా మందం మిల్లీమీటరులో పావు వంతు. ఎంత నిలకడైన చేతికైనా ఉండే సహజమైన వణుకు మిల్లీమీటరులో పదో వంతు దాకా ఉంటుంది. అందుకే రోబో. డాక్టరు జాయ్‌స్టిక్‌ను ఎక్కువ దూరం కదిపితే సూది అణువంత కదులుతుంది. వణుకు వడపోతలో పోతుంది. చెయ్యి తీసేసినా సూది ఉన్నచోటే ఉంటుంది. నెదర్లాండ్స్‌లో తయారైన ప్రిసైజ్ రోబోతో 2016లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ రాబర్ట్ మెక్‌లారెన్ మనిషి కంటి లోపల తొలి ఆపరేషన్ చేశారు. ఆ ఆపరేషన్‌తో మొదలై 12 మందితో సాగిన పరీక్షలో సగం మందికి రోబో సాయం, సగం మందికి ఒట్టి చెయ్యి. ఫలితాలు దాదాపు సమానమే. రోబోకు సమయం ఎక్కువ పట్టింది. అంటే నేర్చిన చేతికి విలువ తగ్గలేదు.

మన వైపు ఈ కథకు ఇంకో కొస ఉంది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను స్థాపించారు. 2006లో విశాఖలోనూ దాని ఆస్పత్రి వచ్చింది. పల్లెల్లో ప్రతి 50,000 మందికి ఒక దృష్టి కేంద్రం ఉండాలన్నది వారి పద్ధతి. షుగరున్న రైతు రెటీనా పాడవుతోందని ముందు అక్కడ ఎవరో ఒకరు చూడాలి. ఆ చూపు ఆలస్యమైతే, ఎంత నిలకడైన యంత్రమైనా చేసేది కొద్దే. ఆపరేషన్ గదిలో లాగే ఊళ్లోనూ చూపే ముందు నడవాలి.