తప్పులు ఎక్కువ రాసిన వార్డు

మన క్యాంపులో రైస్ మిల్లు ఉన్న రోజుల్లో జరిగిన సంగతి ఇది. అప్పటికి నేను పుట్టలేదు. నాయనమ్మ చెప్తే విన్నాను.

వడ్ల సీజన్. మిల్లు రాత్రీ పగలూ ఆడుతోంది. ఎలివేటరు బేరింగు మూడు రోజుల నుంచీ కీచుమంటోంది. ఆ సంగతి మిల్లు డ్రైవరుకి తెలుసు, హమాలీలకీ తెలుసు, తాతయ్యకి మాత్రం తెలీదు. కిందటేడు ఇలాగే ఏదో శబ్దం వస్తోందని డ్రైవరు మిల్లు ఆపాడట. విప్పి చూస్తే ఏమీ లేదు. పూట పని పోయిందని తాతయ్య అందరి ముందూ అతన్ని నానా మాటలూ అన్నారట. అందుకని ఈసారి అతను నోరు మెదపలేదు. నాలుగో రోజు రాత్రి బేరింగు పట్టేసి, బెల్టు తెగి కొట్టి, అతని కుడి చేతి వేళ్ళు రెండు పోయాయి.

ఆస్పత్రి ఖర్చంతా తాతయ్యే పెట్టుకున్నారు. ఏడాది పాటు వాళ్ళింటికి బియ్యం పంపారు. చుట్టుపక్కల క్యాంపులన్నిట్లో మంచి షావుకారు అని పేరొచ్చింది. కానీ "ముందే ఎందుకు చెప్పలేదురా" అని అడిగితే అతను తల దించుకుని "మీరు తిడతారనండి" అన్నాడట. నాయనమ్మ ఎప్పుడు చెప్పినా కథ అక్కడే ఆపేసేది.

తుంగభద్ర డ్యామ్ 1953లో పూర్తయ్యాక ఎడమ కాలువ కింద భూములు కొనుక్కుని గంగావతి, సింధనూరు వైపు వచ్చినవాళ్ళ కథలు ఈ బ్లాగులో చాలా వచ్చాయి. వాటిలో మన తాతయ్యలు కష్టపడి పైకొచ్చినవాళ్ళు. అదంతా నిజమే. ఈ సంగతి కూడా నిజమే. రాయాలా వద్దా అని నెల రోజులు ఆలోచించాను. చివరికి రాయించింది ఒక అమెరికా ప్రొఫెసరు. ఆవిడ పేరు ఏమీ ఎడ్మండ్‌సన్. ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో, ఫ్యాక్టరీల్లో పెద్దవాళ్ళు ఎలా నడిపిస్తారు, కిందివాళ్ళు ఎప్పుడు మాట్లాడతారు, ఎప్పుడు మూసుక్కూర్చుంటారు అన్నదే ముప్పై ఏళ్ళుగా ఆవిడ పరిశోధన.

ఇంజనీరుగా మొదలు

ఎడ్మండ్‌సన్ మొదట చదివింది ఇంజనీరింగు, డిజైను. 1980ల మొదట్లో బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ దగ్గర చీఫ్ ఇంజనీరుగా పని చేసింది. జియోడెసిక్ డోముల వల్ల ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న ఆర్కిటెక్టు ఆయన. 1983లో ఆయన పోయాక, ఆయన లెక్కల్ని మామూలువాళ్ళకి అర్థమయ్యేలా వివరిస్తూ 1987లో ఒక పుస్తకం రాసింది. తర్వాత కంపెనీలకి శిక్షణ ఇచ్చే ఒక సంస్థలో చేరింది. కంపెనీలు మారాలని అందరూ అంటారు, మారడం మాత్రం ఎందుకింత కష్టం అన్న ప్రశ్న అక్కడ పట్టుకుంది. దాంతో మళ్ళీ చదువుకోవడానికి హార్వర్డ్‌కి వెళ్ళింది. డోముల మీద మొదలైన మనిషి మనుషుల మధ్యకి వచ్చిందన్నమాట.

తలకిందులైన లెక్క

1990ల మొదట్లో బోస్టన్ వైపు ఆస్పత్రుల్లో మందుల విషయంలో జరిగే తప్పుల మీద డాక్టర్లు పెద్ద పరిశోధన చేస్తున్నారు. ఒక మందు బదులు ఇంకొకటి ఇవ్వడం, డోసు ఎక్కువవడం లాంటివి. పీహెచ్‌డీ విద్యార్థిగా ఎడ్మండ్‌సన్ అందులో చేరింది. ఆవిడ వంతు పని చిన్నది: రెండు ఆస్పత్రుల్లో ఎనిమిది వార్డుల జట్లని ప్రశ్నలు అడిగి, ఏ జట్టు బాగా కలిసి పని చేస్తుందో తేల్చాలి. జట్టు బాగుంటే తప్పులు తక్కువ ఉంటాయి అన్నది ఆవిడ అనుకున్న మాట. మీరైనా నేనైనా అదే అనుకుంటాం.

లెక్క తలకిందులుగా వచ్చింది. నాయకత్వం బాగున్న జట్లు, ఒకరికొకరు సాయం చేసుకునే జట్లు, వాటిలోనే తప్పులు ఎక్కువ కనిపించాయి!

అక్కడే ఆ అమ్మాయి చదువు ఆగిపోయి ఉండొచ్చు. కొన్నాళ్ళు బాగా కంగారుపడింది కూడా. తర్వాత తట్టింది: మంచి జట్లు ఎక్కువ తప్పులు చేయడం లేదేమో, ఎక్కువ చెప్తున్నాయేమో. ఊహ సరిపోదు కదా, అందుకని ఒక సహాయకుణ్ణి వార్డులకి పంపింది. ఏ వార్డులో ఎన్ని తప్పులు నమోదయ్యాయో, ఏ జట్టుకి ఎన్ని మార్కులొచ్చాయో అతనికి చెప్పలేదు. ఊరికే చూడు, మాట్లాడు, రా అంది. అతను తిరిగొచ్చి చెప్పినదాంట్లో వార్డుకీ వార్డుకీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. కొన్ని వార్డుల్లో నర్సులు జరిగిన తప్పు గురించి మామూలుగా మాట్లాడుకుంటున్నారు, హెడ్ నర్సు కూడా వింటుంది. కొన్ని వార్డుల్లో తప్పు బయటపడితే విచారణ, తిట్లు. అక్కడ ఎవరూ చెప్పరు. అతను మాటలు బాగా నడుస్తున్నాయన్న వార్డుల్లోనే తప్పుల లెక్క ఎక్కువ ఉంది.

ఈ పరిశోధన 1996లో అచ్చయింది. ఆ ఏడాదే ఆవిడ పీహెచ్‌డీ పూర్తి చేసి హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చేరింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

పేరున్న మాట, లెక్క లేని మాట

మాట్లాడితే నాకేం కాదు అన్న ధైర్యాన్ని ఇంగ్లీషులో సైకలాజికల్ సేఫ్టీ అంటారు. తెలుగులో నేను "చెప్పుకునే ధైర్యం" అంటాను. ఆ మాట ఎడ్మండ్‌సన్ పుట్టించింది కాదు. 1965లోనే ఎడ్గార్ షైన్, వారెన్ బెన్నిస్ దాని గురించి రాశారు. 1990లో విలియం కాన్ మళ్ళీ పైకి తెచ్చాడు. ఆవిడ చేసిందేమిటంటే దాన్ని ఒక్కో మనిషి గుణంగా కాకుండా జట్టు గుణంగా చూసి, కొలిచి చూపించింది. 1999లో వచ్చిన ఆ వ్యాసం కోసం ఆఫీసు కుర్చీలు బల్లలు తయారు చేసే ఒక కంపెనీలో 51 జట్లని పరీక్షించింది. చెప్పుకునే ధైర్యం ఉన్న జట్లు అడుగుతాయి, నేర్చుకుంటాయి, పనీ బాగా చేస్తాయి అని తేలింది. ఒకే కంపెనీ, అయినా జట్ల మధ్య తేడా ఉంది. జట్టు పెద్ద ఎలా నడుచుకుంటాడన్నది ఆ తేడాకి ఒక కారణం.

2001లో ఇంకొకటి వచ్చింది. ఛాతీ మొత్తం కోయకుండా చిన్న గాటుతో గుండె ఆపరేషన్ చేసే కొత్త పద్ధతిని 16 ఆస్పత్రులు ఎలా నేర్చుకున్నాయో ఆవిడా, ఇద్దరు సహ పరిశోధకులూ చూశారు. పెద్ద పేరున్న ఆస్పత్రులే ముందు నేర్చుకోలేదు, సీనియర్ సర్జన్లు ఉన్నవే నేర్చుకోలేదు. "ఇది నా ఒక్కడి వల్ల కాదు, మీరు చూసింది నాకు చెప్పాలి" అన్న తీరులో సర్జను జట్టుని కలుపుకున్న చోట నేర్చుకున్నారు.

మనసుకి ఎక్కువ తగిలేది కొలంబియా కథ. 2003 జనవరి 16న రాకెట్ లేచాక ఒక నిమిషం పైచిలుకు సమయానికి ట్యాంకు మీది ఫోం ముక్క ఊడి ఎడమ రెక్కకి తగిలింది. నాసా ఇంజనీర్లలో కొందరు భయపడ్డారు. రెక్కకి ఫోటోలు తీయించండి అని అడిగారు, పైనుంచి కాదన్నారు. ఒక ఇంజనీరు గట్టిగా ఒక ఈమెయిల్ రాసుకుని కూడా పైవాళ్ళకి పంపలేదు. ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ పోయారు. ఆ తర్వాత మా స్కూల్లో కూడా అదే మాట. మా మేష్ట్రు ఆ వార్త కన్నడ పేపర్లో చదివి వినిపించారు. పంపని ఆ ఈమెయిల్ సంగతి మాత్రం చాలా ఏళ్ళకి, ఎడ్మండ్‌సన్ రాసింది చదివాకే నాకు తెలిసింది.

2012లో గూగుల్ కంపెనీ తన జట్లలో ఏవి బాగా పని చేస్తాయి, ఎందుకు అని సొంతంగా వెతకడం మొదలుపెట్టింది. దాదాపు 180 జట్లని చూశాక అన్నిటికన్నా ముందు నిలిచింది ఇదే గుణం. అప్పటి నుంచి ఆవిడ మాట ప్రతి ఆఫీసు స్లైడులోకీ ఎక్కింది. ఎక్కాక పలచబడింది కూడా. ఎవరినీ ఏమీ అనకూడదు, పని రాకపోయినా ఫర్వాలేదు అని కొందరు అర్థం చేసుకున్నారు. 2018లో వచ్చిన పుస్తకంలో ఆవిడ దీన్ని గట్టిగా ఖండించింది. పని ప్రమాణం తగ్గించమని కాదు, ప్రమాణం ఎక్కువ ఉన్న చోటే నోరు తెరవడం ఎక్కువ అవసరం అంటుంది. 2023లో వచ్చిన పుస్తకంలో తప్పులన్నీ ఒకటి కాదని విడదీసింది: అజాగ్రత్త వల్ల వచ్చేవి, చాలా కారణాలు కలిసి వచ్చేవి, కొత్తది ప్రయత్నిస్తే వచ్చేవి. మూడోవాటిని మాత్రమే ఆవిడ మంచి తప్పులంటుంది.

మా బగ్గుల గ్రాఫు

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. తప్పులు వెతికి రాయడమే నా జీతం. మొదటి ఉద్యోగంలో నెలనెలా బగ్గుల గ్రాఫు వేసేవారు. ఒక నెల మా టీందే అన్నిటికన్నా పొడుగు. "చిన్నచిన్నవి రాయకండమ్మా, నోటితో చెప్పేయండి చాలు" అన్నారు పైవాళ్ళు. మరుసటి నెల గ్రాఫు దిగింది, కేకు కోశారు. నేనూ తిన్నాను. ఆ రాయని వాటిలో ఒకటి, బిల్లులో పైసలు తప్పుగా పడేది, కస్టమరు పట్టుకున్నాడు. నాకు ముందే తెలుసు. మిల్లు డ్రైవరు లాగే నాకూ తెలుసు.

ఎడ్మండ్‌సన్ లెక్క చదివిన రోజు ఆ కేకు గుర్తొచ్చింది. తప్పులు తక్కువ కనిపిస్తున్నాయంటే తప్పులు లేవని కాదు. కాగితం మీద పడేది జరిగిన తప్పులు కావు, చెప్పిన తప్పులు. ఇప్పుడు నా కింద నలుగురు ఉన్నారు. ఎవరైనా బగ్గు రాసి అది బగ్గు కాదని తేలితే, ముందు థాంక్స్ చెప్తాను. తాతయ్య మిల్లు ఆపిన రోజున అనాల్సిన మాట అదే కదా అనిపిస్తుంది.

ఇది రాసే ముందు నాయనమ్మకి ఫోన్ చేసి, ఆ తర్వాత తాతయ్య మారారా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది: రోజూ సాయంత్రం టీ తాగేటప్పుడు తాతయ్య మిల్లులోకి వెళ్ళి "ఏరా, ఏమైనా శబ్దం వస్తోందా" అని అడిగేవారట. డ్రైవరు ప్రతిసారీ "అంతా బాగుందండి" అనేవాడట. చాలా ఏళ్ళు అదే జవాబు. మిల్లు అమ్మేసే ఏడాది ఒకసారి మాత్రం, తనే వచ్చి, "పట్టా వదులైందండి, చూపిస్తా రండి" అన్నాడట. తాతయ్య టీ గ్లాసు వదిలేసి పరిగెత్తారట.

తాతయ్య గురించి రాసిన దాంట్లో తప్పుంటే, బాబాయిలూ అత్తయ్యలూ, చెప్పండి. నా తెలుగులో కూడా. కన్నడ మీడియం కదా, తలకట్టు దగ్గర నా చెయ్యి ఇప్పటికీ కన్నడం వైపే పోతుంది.