అపరాధపరిశోధక నవలయు వైయాకరణుని రుచియు

తిరుపతియందు వ్యాకరణము చదువునాఁడు కౌముది చాటునఁ గొమ్మూరి సాంబశివరావుగారి (1926–1994) యుగంధరుని కథలు చదివితిని. శాస్త్రాభ్యాసికి ఈ రుచి తగునా యని పండితులడుగుదురు. తగునని నా మనవి.

ఈ ప్రక్రియ 1841లో అమెరికాదేశీయుఁడగు ఎడ్గార్ అలన్ పో కథతోఁ బుట్టెనందురు. 1887లో ఆంగ్లదేశమునఁ గానన్ డాయిల్ తన హోమ్సును లోకమునకుఁ జూపెను. వంగభాషయందుఁ బాంచకడి దే యిట్టి నవలలు పెక్కు రచింపఁగా, వానిలోఁ గొన్ని 20వ శతాబ్ది ప్రథమార్ధమునఁ దెలుఁగున వెలసెను. యుగంధరుఁడును, అతని సహాయుఁడు రాజును పిమ్మట వచ్చినవారు.

రూపము పరదేశీయమే, రుచి మాత్రము మనకుఁ గ్రొత్తది గాదు. వ్యాఖ్యాతల మతమునఁ బాణిని హ్రస్వాకారమును శాస్త్రమంతట వివృతముగా నెంచి కార్యములు నడపి, అష్టాధ్యాయి కడపటి సూత్రమునఁ గాని దాని సంవృతత్వమును మరలఁ జెప్పఁడు. నవలయందును హంతకుఁడు తొలిపుటనుండి మనయెదుట వేఱురూపమునఁ దిరుగువాఁడే. ఆధారములు ముందే చూపి నిర్ణయమును తుదకు నిలుపుట యీ ప్రక్రియకు మర్యాద. ఆధారము దాఁచి అపరాధిని జూపుట, సూత్రము చూపక రూపము సాధించుటవంటి దోషము.

కావున ఉపాధ్యాయులు బాలుర చేతినుండి యీ పుస్తకములు లాగివేయక, "ఏ హేతువుచే నూహించితివి?" అని యడుగుదురుగాక. అనుమానప్రమాణమునకు ఇంతకంటె సులభమగు ప్రవేశము లేదు.