చీనా సంగీతము – పండ్రెండు స్వరముల లెక్క

సంగీతము చెవికి ఇంపు గొలుపు కళ మాత్రమే కాదు; లెక్కకు లోబడిన శాస్త్రము కూడ. ఈ సంగతిని ప్రాచీన కాలముననే గుర్తించి, అందలి ఒక చిక్కుతో శతాబ్దముల తరబడి పెనుగులాడిన దేశము చీనా.

అచట వాద్యముల చరిత్ర మిక్కిలి పాతది. హెనాన్ రాష్ట్రమందలి జియాహు అను చోట జరిగిన త్రవ్వకములలో సారసపక్షి రెక్క ఎముకలతో చేసిన పిల్లనగ్రోవులు దొరికినవి. అవి సుమారు 8,000 ఏండ్ల నాటివి. తరువాతి కాలమున చీనావారు వాద్యములను ఎనిమిది తరగతులుగా విభజించిరి: లోహము, రాయి, పట్టు, వెదురు, సొరకాయ, మట్టి, తోలు, కొయ్య. పట్టు అనగా తంత్రీవాద్యములు. తీగెలను పట్టుదారముతో పేనెడివారు.

హుబే రాష్ట్రమున 1978లో జెంగ్ రాజ్యప్రభువు యీ సమాధిని త్రవ్వగా 65 కంచు గంటలు బయల్పడినవి. అవి క్రీ. పూ. 433 ప్రాంతమునకు చెందినవి. ఈ గంటల అడ్డుకోత గుండ్రముగా కాక, బాదంపప్పు ఆకారమున నుండును. అందుచే ఒక్కొక్క గంట నడుమ కొట్టిన ఒక స్వరమును, ప్రక్కన కొట్టిన వేరొక స్వరమును పలుకును. నాదము త్వరగా అణగిపోవును గనుక, ఒక స్వరము మరియొక దానితో కలగాపులగము కాదు.

స్వరస్థానములను నిర్ణయించుటకు వారు అవలంబించిన పద్ధతి సులభమైనది. తీగె పొడవులో మూడవ వంతు తీసివేయవలెను. మిగిలినదానికి దాని మూడవ వంతు కలుపవలెను. ఇట్లే మార్చి మార్చి చేయవలెను. 81 భాగములతో ప్రారంభించినచో 54, 72, 48, 64 వచ్చును. వరుసగా పేర్చిన 81, 72, 64, 54, 48. ఇవియే కుంగ్, షాంగ్, జ్యుయె, జి, యు అను పంచస్వరములు. మన మోహనరాగపు స, రి, గ, ప, ద లను ఇవి పోలియుండును. 81 సెంటీమీటర్ల తీగె బిగించి విద్యార్థులు దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును.

చిక్కంతయు ముందున్నది. ఇట్లు 12 మెట్లు గడచినచో, పై స్థాయిలో మొదటి స్వరమే రావలెను. అనగా 81లో సగము, 40.5 రావలెను. కాని వచ్చునది సుమారు 39.95. ఏలయన, 3ను ఎన్నిమార్లు హెచ్చవేసినను బేసి సంఖ్యయే వచ్చును. 2ను హెచ్చవేసిన సరిసంఖ్యయే వచ్చును. ఈ రెండును ఎన్నటికిని కలియవు.

తేడా చిన్నదే. కాని పాటను వేరొక ఆధారస్వరమునకు మార్చినపుడు అది చెవికి తగులును. పైగా చీనాలో మూలస్వరము రాజ్యమునకు సంబంధించిన విషయము. హాన్ వంశకాలమున ఆ స్వరము పలుకు గొట్టము పొడవే కొలతలకు ఆధారము. అందు పట్టు 1,200 గింజలు తూకమునకును ఆధారములు.

జింగ్ ఫాంగ్ (క్రీ. పూ. 78–37) ఈ లెక్కను 60 స్వరముల వరకు సాగించి, 54వది మొదటిదానికి మిక్కిలి చేరువగా వచ్చుట చూచెను. హ చంగ్‌త్యెన్ (370–447) ఆ తేడాను పొడవులన్నిటికిని సమముగా పంచెను. అయితే చెవి కోరునది సమానమైన భేదము కాదు, సమానమైన నిష్పత్తి.

ఆ నిష్పత్తిని కనుగొన్నవాడు మింగ్ వంశపు రాకుమారుడు జు జైయు (1536–1611). చక్రవర్తి ఆగ్రహమునకు గురియై తండ్రి చెరపాలు కాగా, ఇతడు భవనము విడిచి మట్టి ఇంట నివసించుచు చదువుకొనెను. ఏ సంఖ్యను 12 సార్లు హెచ్చవేసిన 2 వచ్చునో, ఆ సంఖ్యను పూసలచట్రముపై లెక్కించి, 1584 నాటి గ్రంథమున వివరించెను. అది సుమారు 1.059463. రెండుమార్లు వర్గమూలమును, ఒకమారు ఘనమూలమును తీసిన ఇది లభించును. గొట్టములకు పొడవుతోపాటు వ్యాసము కూడ తగ్గవలెనని అతడే గ్రహించెను. ఐరోపాలో సైమన్ స్టెవిన్ కొద్దికాలము తరువాత ఇదే మార్గమును త్రొక్కెను.

మింగ్ ఆస్థానము ఈ పద్ధతిని వాడుకలోనికి తేలేదు. చీనా సంగీతమునకు ప్రాణము ఒంటరిగా సాగు పాటయే. పలు స్వరములను ఒక్కసారి పలికించుట దాని లక్ష్యము కాదు. ఏడు తీగెల గుచిన్ వాద్యమున వేలు జారుచుండగా స్వరము సన్నగిల్లి మౌనములో కలియును. ఆ వాద్యనాదము 1977లో వాయేజర్ నౌకలతో అంతరిక్షమునకు వెళ్లినది. జు జైయు కనుగొన్న నిష్పత్తియో, నేడు ప్రపంచమంతట పియానోలను శ్రుతి చేయుటకు ఆధారమైయున్నది.