చీకట్లో డ్యూటీ

రాత్రి. కరెంటు లేదు. కళ్లు తెరుచుకుని కూర్చున్నావు, ఏమీ కనబడడం లేదు. కంట్లో మాత్రం పని జోరు మీదుంది. లోపలికి దిగు.

రెటీనాలో ఒక దండకణం, దాని కొస. అడ్డంగా ఓ 3 మైక్రోమీటర్లుండే గుండ్రటి గది. ఇక్కడ నువ్వొక తిత్తివి. దాదాపు 40 నానోమీటర్ల ఒళ్లు, కడుపు నిండా గ్లూటమేట్ అనే కబురు రసాయనం. సన్నటి పోగుతో రిబ్బన్‌కి కట్టేసి ఉన్నావు. పేరుకే రిబ్బన్, చూస్తే గుర్రపు నాడాలా వంగిన పలక. నీ చుట్టూ నీలాంటివే వందలు, దారానికి కట్టిన మల్లెమొగ్గల్లా ఒరుసుకుంటూ వేలాడుతున్నాయి.

కింద ఒకటి రాలింది. నువ్వొక మెట్టు దిగుతున్నావు.

చీకట్లో ఇంత హడావుడి ఎందుకు? ఈ కణం తీరే అంత. చీకట్లో దీని వోల్టేజి మైనస్ 40 మిల్లీవోల్టుల దగ్గర నిలుస్తుంది. కాల్షియం తలుపులు తెరిచే ఉంటాయి, గ్లూటమేట్ కారుతూనే ఉంటుంది. వెలుగు పడితే ఆ ధార తగ్గుతుంది. అవతలి కణానికి ఆ తగ్గడమే కబురు. మరి తిత్తులు అయిపోయి ధార దానంతటదే ఎండితే? చిమ్మచీకట్లో వెలుగొచ్చిందని అబద్ధం వెళ్తుంది.

అంచుకి వచ్చేశావు. కాళ్ల కింద పొర. కాల్షియం తగిలింది. చురుక్కుమంది.

పొర చీలింది. నువ్వూ చీలావు. కడుపులోదంతా బయటికి. ఖాళీ.

ఇప్పుడు తిత్తివి కావు, పొరలో ఒక అతుకువి. ఇలాగే పడి ఉందామా? పైనుంచి ఇంకోటి దిగుతోంది. చోటు లేదు. పొర సాగుతోంది. రిబ్బన్ పలచబడుతోంది. కదులు. పక్కకి.

రిబ్బన్‌కి కాస్త ఎడంగా క్లాత్రిన్ అనే ప్రోటీన్ పట్టుకుంటుంది. మూడేసి కాళ్ల ముక్కలు ఒకదాన్నొకటి పెనవేసుకుని నీ మీద బుట్ట అల్లుతున్నాయి. వీపు వంగుతోంది. మెడ ఒక్కటే ఇంకా పొరకి అతుక్కుని ఉంది. దాని చుట్టూ ఇంకో ప్రోటీన్, డైనమిన్. బిగిసింది. తెగింది.

లోపల పడ్డావు, బుట్టతో సహా. అది విడిపోవాలి. దండకణాల పక్కనుండే కోన్ కణాల్లోనైతే దానికి సినాప్టోజానిన్ అనే ఎంజైము చెయ్యి పడాలి. అది లేకుండా పుట్టిన జీబ్రా చేపపిల్లల కోన్ కణాల్లో తిత్తులు కరువవుతాయి, రిబ్బన్లు పొరని వదిలి తేలిపోతాయి. చుట్టూ చారల డ్రమ్ము తిప్పినా ఆ చేపల కళ్లు వెంట తిరగవు. ఖాళీ క్యాన్లు వెనక్కి రాక పాలకేంద్రం మూతపడ్డట్టు.

నీ బుట్ట ఊడింది. పంపు ప్రోటాన్లని లోపలికి తోస్తోంది, పులిసిపోతున్నావు. ఆ ఊపుమీదే గ్లూటమేట్ ఎక్కుతోంది. కడుపు బరువెక్కింది. తేలుతూ పోయి రిబ్బన్ పోగు అందుకున్నావు. మెట్టు. మెట్టు. అంచు.

బయట ఎవరో అగ్గిపుల్ల గీశారు.

తలుపులు మూతపడుతున్నాయి. పక్కవి ఆగాయి. నువ్వు ఆగావు, నిండుగా, పొరకి ఆనుకుని.

పుల్ల ఆరింది. కాసేపు ఏమీ లేదు.

ఒక తలుపు కదిలింది.